హిల్బర్ట్ కర్వ్‌తో ఏడాది కరెంటు రీడింగులు, ఫొటో నుంచి ఒకే గీత బొమ్మ: ఏది కుదురుతుంది, ఏది కుదరదు

హిల్బర్ట్ కర్వ్ అంటే చదరంలోని ప్రతి గడి మీదుగా ఒక్కసారే, ఎప్పుడూ పక్క గడికే వెళ్తూ సాగే వంపుల గీత. మీ ప్రశ్నలో రెండు పనులున్నాయి. ఒకటి, నిమిషానికొకటి చొప్పున ఏడాది కరెంటు రీడింగులను హిల్బర్ట్ కర్వ్ మీద పరిచి చదరపు బొమ్మ చేయడం. అందులో సగం ఖాళీగా మిగిలిపోతోందనీ, రోజువారీ తీరు ఎక్కడా కనబడట్లేదనీ రాశారు. రెండోది, ఒక ఫొటోను అదే కర్వ్‌తో ఎక్కడా తెగని ఒకే గీతగా పెన్ ప్లాటర్ (పెన్నుతో కాగితం మీద గీసే యంత్రం) మీద వేయడం. రెండోదానికి ఈ కర్వ్ బాగా కుదురుతుంది. మొదటిదానికి కుదరదనే నా అభిప్రాయం. అయితే ఆ ఖాళీకి మాత్రం సులువైన మందుంది.

ముందు ఖాళీ సంగతి. ఆర్డర్ అంటే చదరాన్ని ఎన్నిసార్లు నాలుగేసి ముక్కలు చేశామన్నది. అది ఒకటి పెరిగిన ప్రతిసారీ గడులు నాలుగింతలవుతాయి. ఆర్డర్ 9 అంటే 512×512, మొత్తం 2,62,144 గడులు. ఆర్డర్ 10 అంటే 1024×1024, మొత్తం 10,48,576. ఈ రెంటికీ మధ్య ఏమీ లేదు. 365 రోజులకు నిమిషాలు 5,25,600. ఆర్డర్ 10లో మొదటి రెండు పావులు (చదరంలో నాలుగో వంతు ముక్కలు) 5,24,288 రీడింగులతో నిండిపోతాయి, మిగిలిన 1,312 మూడో పావులోకి ఒలికిపోతాయి. మీ బొమ్మలో ఎడమ సగం పూర్తిగా నిండి, కుడి సగంలో చిన్న మచ్చలాంటిది కనిపిస్తోందా? రీడింగులు జనవరి 1న మొదలై ఉంటే, ఆ మచ్చ డిసెంబర్ 31 తెల్లవారుజాము 2:08 నుంచి అర్ధరాత్రి దాకా జరిగినది. పోనీ రెండేసి నిమిషాలకు సగటు తీసి ఆర్డర్ 9లో పెడదామంటే 2,62,800 విలువలొస్తాయి, అంటే 656 ఎక్కువ. వాటికోసం చివరి రోజును కోసేయడం నాకు నచ్చదు. చూసేవాళ్లు డిసెంబర్ 31 ఏదని అడిగితే చెప్పడానికి జవాబుండదు.

చదరమే కావాలన్న పట్టు వదిలేస్తే లెక్క చక్కగా తేలుతుంది: 730 × 720 = 5,25,600. యాకుబ్ చెర్వెనీ రాసిన గిల్బర్ట్ అనే ఓపెన్ సోర్స్ కోడ్ ఏ కొలతల దీర్ఘచతురస్రాన్నయినా హిల్బర్ట్ తరహా కర్వ్‌తో నింపుతుంది. దానికి 730, 720 ఇస్తే నిమిషానికో పిక్సెల్, ఒక్కటీ మిగలదు. లీపు ఏడాదైతే 732×720. రెండు వైపులా సరిసంఖ్యలే ఉండేలా చూసుకోండి. పొడవు బేసి, వెడల్పు సరి అయితే కర్వ్ ఎక్కడో ఒకచోట ఐమూలగా అడుగేస్తుంది. తెర మీద అది తెలియదు, ప్లాటర్ మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇక రోజువారీ తీరు. అది కనబడకపోవడం మీ కోడ్ తప్పు కాదు. ఈ కర్వ్‌లో సహజమైన ముక్కలు 4 ఘాతాల్లో వస్తాయి: 32×32 ముక్కలో 1,024 నిమిషాలు, అంటే 17 గంటల 4 నిమిషాలు, 64×64 ముక్కలో 4,096 నిమిషాలు, అంటే రెండు రోజుల 20 గంటల 16 నిమిషాలు. రోజుకేమో 1,440. ఈ కొలతలు ఒకదానితో ఒకటి ఎక్కడా కలవవు కాబట్టి సోమవారం ఉదయం ఆరు ఒక మూలన, మంగళవారం ఉదయం ఆరు ఇంకో వంపులో పడతాయి. రోజూ ఆరింటికి మోటారు వేసే ఇంట్లోనైనా బొమ్మలో ఆ ఆరు ఒక వరుసలోకి రాదు. ఆవృత్తి ఉన్న, అంటే రోజూ మళ్లీ మళ్లీ వచ్చే తీరున్న డేటాకు మామూలు హీట్‌మ్యాపే (విలువలను రంగులుగా చూపే గడుల పట్టిక) మేలు: అడ్డంగా 1,440 నిమిషాలు, నిలువుగా 365 రోజులు. మోటారు నిలువు గీతగా తేలుతుంది. ఆదివారాలు వేరుగా కనబడతాయి. సెలవులకు ఊరెళ్లిన రోజులు అడ్డపట్టీలుగా కనబడతాయి.

మరి హిల్బర్ట్ బొమ్మ చూపించేదేమిటి? ఆగకుండా సాగిన స్థితి ఎంతసేపు ఉంది అన్నది. ఏసీ తొమ్మిది గంటలు నడిస్తే 540 పిక్సెళ్ల ముద్ద, నాలుగు గంటల కరెంటు కోత అయితే 240 పిక్సెళ్ల ముద్ద. ముద్ద వైశాల్యమే కాలం. వరుస ఉండి, ఆవృత్తి లేని డేటాకు ఇది అమోఘం. జీనోమ్‌నే తీసుకోండి: మనిషి ఒకటో క్రోమోజోమ్‌లో దాదాపు 24.9 కోట్ల బేసులు (డీఎన్ఏ అక్షరాలు) ఉన్నాయి. ఆర్డర్ 9లో పెడితే పిక్సెల్‌కు 950 దాకా వస్తాయి. గీత గ్రాఫ్‌లో ఒకే పుల్లలా కనిపించే శిఖరాలు ఇక్కడ చుక్కలుగానో మచ్చలుగానో విడిపోయి, వాటి వెడల్పులు తెలిసిపోతాయి. ఐపీవీ4 చిరునామాలు (ఇంటర్నెట్‌లో యంత్రాలకిచ్చే 32 బిట్ల నంబర్లు) ఇంకా చక్కగా ఒదుగుతాయి. స్లాష్ 24 బ్లాకులు, అంటే మొదటి 24 బిట్లు ఒకటే అయిన చిరునామాల గుంపులు, సరిగ్గా 1,67,77,216 ఉన్నాయి, అంటే 4096×4096, ఆర్డర్ 12. ప్రిఫిక్స్ (స్లాష్ తర్వాతి అంకె) సరిసంఖ్య అయితే ఆ నెట్‌వర్క్ చదరంగా, బేసి అయితే రెండు చదరాలు పక్కపక్కన పెట్టినట్టు వస్తుంది. స్లాష్ 8 అయితే 256×256 చదరం.

చదివేటప్పుడు ఒక్క మాట మరవద్దు: ఈ కర్వ్ ఇచ్చే హామీ ఒకవైపుదే. వరుసలో పక్కపక్కన ఉన్నవి బొమ్మలోనూ పక్కపక్కనే ఉంటాయి. బొమ్మలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన వరుసలో దగ్గరివని కాదు. 4×4లోనే చూడండి, కింది వరుస మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకున్న గడుల నంబర్లు 1, 14. ఆర్డర్ 10లో ఆ నడిమి గీతకు అటూ ఇటూ ఉన్న గడుల మధ్య నెలల దూరం ఉండొచ్చు. రెండు ముద్దలు అంటుకున్నట్టుంటే ఒకే ఘటన అనుకోకండి. అందుకే పావుల సరిహద్దులు సన్నగా గీసి, బొమ్మ కింద మామూలు కాలరేఖ పెట్టి, మౌస్ ఏ గడి మీద ఉంటే ఆ సమయం అక్కడ వెలిగేలా చేస్తాను. అవేవీ పెట్టలేని అచ్చు పోస్టరైతే కనీసం నెలల హద్దులైనా గీయాలి. హద్దులూ లేకపోతే అది అందంగా ఉంటుంది గానీ ఎవరూ చదవలేరు.

కోడ్‌కు వద్దాం. లైబ్రరీ లేకుండా రాసుకోవచ్చు. నంబరును 4 ఆధార సంఖ్యగా రాసి, చివరి అంకె నుంచి ముందుకు రండి. గడి స్థానాన్ని చెప్పే ఎక్స్ (అడ్డం), వై (నిలువు) రెండూ 0తో, అప్పటిదాకా కట్టిన ముక్క భుజం ఎస్ 1తో మొదలు. ఒక్కో అంకెకు ఒక్కో పని:

– 0 అయితే ఎక్స్, వై తారుమారు.
– 1 అయితే వైకి ఎస్ కలపాలి.
– 2 అయితే రెంటికీ ఎస్ కలపాలి.
– 3 అయితే కొత్త ఎక్స్ = 2ఎస్ − 1 − పాత వై, కొత్త వై = ఎస్ − 1 − పాత ఎక్స్.

అంకె అయిపోగానే ఎస్‌ను రెట్టింపు చేయండి. ముందున్న సున్నాలనూ లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే 0 అంకె కూడా తారుమారు చేస్తుంది. ఆర్డర్ 10కి ఎప్పుడూ పది అంకెలే. చాలామంది నంబరు సున్నా కాగానే లూప్ ఆపేస్తారు. అప్పుడు కర్వ్ మొదటి భాగాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి.

దీనికే ఇంకో చిక్కు తోడవుతుంది. లైవ్ డేటా పెరుగుతుంటే ఆర్డర్ 9 నుంచి 10కి మారారనుకోండి, పాత బొమ్మ మొత్తం ఐమూల గీత మీద తిరగబడుతుంది. ఆర్డర్ 1లో 1వ నంబరు (0,1) దగ్గరుంటే, ఆర్డర్ 2లో (1,0) దగ్గరికి వెళ్తుంది. ఆర్డర్ 3లో మళ్లీ (0,1)కి వస్తుంది. కాబట్టి మొదటే పెద్ద ఆర్డర్ ఖాయం చేసుకోండి, లేదా రెండేసి చొప్పున పెంచండి.

పరీక్షలు రెండు చాలు. వరుసగా వచ్చే ప్రతి రెండు గడుల మధ్య ఎక్స్ తేడా, వై తేడా కలిపి 1 రావాలి. ప్రతి గడీ ఒక్కసారే రావాలి. ఆర్డర్ 2లో 14వ నంబరు (2,0) రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. పైథాన్‌లో ఒంటి స్లాష్ భాగహారం దశాంశం ఇస్తుంది, జంట స్లాష్ వాడండి. జావాస్క్రిప్ట్ బిట్ ఆపరేషన్లు 32 బిట్ల ధన, రుణ గుర్తున్న సంఖ్యల మీద నడుస్తాయి కాబట్టి ఆర్డర్ 15 దాకా భయం లేదు, 16లో నంబర్లు రుణాత్మకం అవుతాయి. కాన్వాస్‌లో (బ్రౌజర్‌లో బొమ్మ గీసే చోటు) వై కిందికి పెరుగుతుంది గనుక బొమ్మ తలకిందులుగా వస్తే అది బగ్ కాదు.

ఒక్కో పిక్సెల్‌కు ఎన్నో రీడింగులు పడేటప్పుడు సగటు తీస్తే నిమిషంపాటు ఎగిసిన మోటారు మాయమవుతుంది, గరిష్ఠం తీస్తే అదే మొత్తం బొమ్మను ఆక్రమిస్తుంది. రెండు బొమ్మలూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. సేవ్ చేసేది పీఎన్‌జీలోనే. జేపెగ్ 8×8 దిమ్మలుగా కుదించి రంగులను పక్క పిక్సెళ్లలోకి పూసేస్తుంది, ఇక్కడ ప్రతి పిక్సెలూ ఒక రీడింగు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. బ్రౌజర్‌లో పెద్దది చేస్తే మసకబారకుండా సీఎస్ఎస్‌లో ఇమేజ్ రెండరింగ్‌ను పిక్సెలేటెడ్ అని పెట్టండి.

ఇప్పుడు ప్లాటర్. ఏ4 కాగితం మీద 180 మిల్లీమీటర్ల చదరం, 0.4 మి.మీ. పెన్ను అనుకుందాం. ఆర్డర్ 5లో గీతల మధ్య దూరం 5.6 మి.మీ., కాగితం 7 శాతం నల్లబడుతుంది. 6లో 14 శాతం, 7లో 28, 8లో 57. ఆర్డర్ 9లో గీతల దూరం 0.35 మి.మీ.కి పడిపోయి పెన్ను కన్నా సన్నమవుతుంది, అంటే అంతా నల్ల ముద్దే. కాబట్టి మీ చేతిలో ఉన్న నలుపు తెలుపులు 5 నుంచి 8 వరకే. ఫొటోను 256×256కు తగ్గించి, నలుపును 7 నుంచి 57 శాతం మధ్యకు సర్ది, పై నుంచి చదరాలను విడగొట్టుకుంటూ రండి. ముందు అంతటా ఆర్డర్ 5 దాకా దిగండి. అక్కడి నుంచి, చదరం సగటు నలుపు 10 శాతం దాటితే 6కి, 20 దాటితే 7కి, 40 దాటితే 8కి. ఆగిన ప్రతి చదరం మధ్య బిందువునూ కర్వ్ వరుసలోనే కలుపుతూ పోవాలి. ఎంత తెల్లటి చోటైనా గీత వెళ్లక తప్పదు కాబట్టి పూర్తి తెలుపు రాదు. దాన్ని ముందే ఒప్పుకుని, ఎక్కువ వైరుధ్యమున్న ఫొటో ఎంచుకోండి. ముఖం దగ్గర్నుంచి తీసినదైతే మంచిది, గుంపు ఫొటో వద్దు.

వేర్వేరు లోతుల చదరాలు కలిసేచోట గీత ఏటవాలుగా వస్తుంది. గీత తనను తాను దాటదు గానీ, 5 పక్కనే 8 ఉంటే గీరినట్టు కనబడుతుంది. ఆనుకున్న చదరాల మధ్య తేడా ఒక్క ఆర్డర్‌కు మించకుండా మధ్యలో మరికొన్నిటిని విడగొట్టండి.

మొత్తం ఆర్డర్ 7 అయితే గీత 23 మీటర్లు, 8 అయితే 46 మీటర్లు. సెకనుకు 40 మి.మీ. వేగంతో 46 మీటర్లకు 19 నిమిషాలని లెక్క వస్తుంది, నమ్మకండి. తిన్నటి పరుగులు పొట్టిగా, మలుపులు వేలల్లో ఉండటంతో ప్రతి మూలలో యంత్రం నెమ్మదించి మళ్లీ వేగం పుంజుకోవాలి. ఒకే దిశలో ఉన్న ముక్కలను ఒక్కటిగా కలిపేసి, మూలలను పావు వృత్తాలుగా గుండ్రం చేస్తే సమయం బాగా తగ్గుతుంది, పైగా మెలికల ముగ్గు అందం వస్తుంది. (ముగ్గులో గీత చుక్క చుట్టూ తిరుగుతుంది, ఇక్కడ చుక్కల మీదుగానే పోతుంది. పోలిక అంతవరకే.)

సిరా విషయంలో ఈ కర్వ్‌కు ఒక ప్రత్యేక దుర్గుణముంది. పక్క గడికే వెళ్లడం దాని స్వభావం కాబట్టి, ఇప్పుడే గీసిన గీత ఆరకముందే దాని పక్కగీత వచ్చేస్తుంది. జెల్ పెన్నుతో ఆర్డర్ 8 చోట్ల కాగితం తడిసి పీచు లేస్తుంది. త్వరగా ఆరే పిగ్మెంట్ లైనర్, 200 జీఎస్ఎమ్ పైబడిన నున్నటి కాగితం వాడండి. జెల్ పెన్నే కావాలంటే ఆర్డర్ 7 దగ్గర ఆగండి.

మొదలు, చివర రెండు కింది మూలల్లో తేలడం ఇష్టం లేకపోతే మూర్ కర్వ్ వాడండి. గణితవేత్త ఇ. హెచ్. మూర్ 1900లో ఇచ్చిన రూపమది: నాలుగు హిల్బర్ట్ కర్వ్‌లను తిప్పి పేర్చితే చివర మొదటిని కలుస్తుంది. మూసిన గీత కాబట్టి ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు. పెన్ను దిగేచోట, లేచేచోట సిరా బొట్టు పడుతుంది గనుక ఎస్‌వీజీలో (ప్లాటర్‌కిచ్చే గీతల ఫైలు) మొదటి బిందువును జుట్టులోనో, బాగా నల్లటి నీడలోనో పెట్టండి.