డ్రిప్ ఫిట్టింగులకు ఎన్ని టన్నుల మిషన్?

ప్రశ్న: మాది అనంతపురం సార్. చీనీ తోటల డ్రిప్ పైపులకు పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) ఎల్బోలు చేద్దామని ఎనిమిది క్యావిటీల (ఒకేసారి ఎనిమిది పోసే గుంతల) డై గీయించాను. సెకండ్ హ్యాండ్ ఇంజెక్షన్ మౌల్డింగ్ మిషన్ అమ్మే ఆయన 80 టన్నులు చాలదు, 150 తీసుకోమంటున్నాడు. ఎట్లా లెక్కేసుకోవాలి?

జవాబు: అడ్వాన్స్ ఇచ్చేముందు అడిగారు, మంచిదైంది. కరిగిన ప్లాస్టిక్ ఒత్తిడితో లోపలికి దూరి డైని విడదీయాలని చూస్తుంది, అలా విడిపోకుండా అదిమి పట్టేదే క్లాంపింగ్ ఫోర్స్, మిషన్‌కు చెప్పే టన్నులు ఇవే. అందుకే సరుకు బరువు, లోతు పక్కన పెట్టి, డై తెరుచుకునే దిక్కు నుంచి చూస్తే ఎంత మేర కనిపిస్తుందో కొలవండి, మిట్టమధ్యాహ్నం ఎండకు కింద పడే నీడ కొలిచినట్టు.

ఒక్కో ఎల్బోకు 15 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం, ఎనిమిదికి 120. కోల్డ్ రన్నర్ (ప్లాస్టిక్ పారే కాలువ కూడా సరుకుతో పాటే గట్టిపడే రకం) అయితే రన్నర్‌కు ఇంకో 25 కలపాలి, చాలామంది వదిలేసేది దీన్నే. మొత్తం 145. పీపీకి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 నుంచి 0.45 టన్నులు వేస్తారు, గోడ పల్చగా ఉండి ప్లాస్టిక్ దూరం పారాల్సి వస్తే ఇంకా ఎక్కువే పడుతుంది. 0.4 వేస్తే 58 టన్నులు, 15 శాతం అదనం కలిపితే 67.

ఎల్బో బొక్క పక్క నుంచి వచ్చే కడ్డీ లాంటి కోర్‌తో ఏర్పడుతుంది కాబట్టి దాని వైశాల్యం తీసేయకూడదు. పైగా ఆ కోర్‌ను వెనక్కి నెట్టే ఒత్తిడిలో కొంత దాన్ని బిగించే ఏటవాలు దిమ్మ (వెడ్జ్) ద్వారా క్లాంపు మీదికే వస్తుంది. చిన్న బొక్కలే కాబట్టి కొద్ది టన్నులు పెరుగుతాయి, అయినా 80 లోపే.

మరి 150 ఎందుకు వద్దంటే, కరెంటు ఖర్చు ఒకటి, ప్లాస్టిక్ కరిగించే పెద్ద బ్యారెల్‌లో మెటీరియల్ ఎక్కువసేపు మగ్గి చెడిపోవడం ఇంకొకటి, టన్నేజీ మొత్తం పెడితే చిన్న డై అంచులూ గాలి పోయే సన్న దారులూ (వెంట్లు) నలిగిపోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. కానీ పక్క కోర్లను జరిపే స్లైడర్లతో కలిపి మీ డై 80 టన్నుల మిషన్ టై బార్ల (డై చుట్టూ ఉండే నాలుగు లావు కడ్డీల) మధ్య పడుతుందా? పట్టకపోతే టన్నులతో పనిలేకుండా పెద్దదే కొనాలి, కాబట్టి ముందు టేపు పట్టుకుని వెళ్లి అది కొలవండి. షాట్ వెయిట్ (ఒక్కసారికి మిషన్ నెట్టగల ప్లాస్టిక్ బరువు) కూడా చూడండి, మిషన్ మీద రాసేది మామూలుగా పాలీస్టైరీన్ లెక్క, పీపీకి అంతకన్నా తక్కువే వస్తుంది.

ప్రశ్న: టన్నేజీ ఎంత పెంచినా మూతకు ఒక పక్కే ఫ్లాష్ (డై సందులోంచి కారి అంచుకు అంటుకునే పల్చటి పొర) వస్తోంది. (కడప)

జవాబు: ఒక పక్కే అంటే టన్నులు చాలక కాకపోవచ్చు. ఇక పెంచకండి. డై విప్పి ఆ పక్క అంచు అరిగిందేమో, మధ్యలో ప్లాస్టిక్ పొర ఇరుక్కుందేమో చూడండి, ఆ తర్వాత ప్లేటెన్లు (డై బిగించే మిషన్ పలకలు) సమాంతరంగా ఉన్నాయో లేదో చెక్ చేయించండి.