జగ్గు అసలుదా, నకలా? ముందు తిరగేసి అడుగు చూడండి

మీ పింగాణీ జగ్గు మీద ఉబ్బెత్తు బొమ్మలు, అడుగున డైమండ్ ఆకారపు ముద్ర ఉన్నాయనీ, అది నిజంగా పాతదేనా, దాని కథ ఎలా తెలుస్తుందనీ అడిగారు. నా దగ్గర ఒకే డిజైన్‌వి రెండున్నాయి, ఒకటి పాతది, ఒకటి నకలు. పక్కపక్కన పెట్టుకుని చూసి నేర్చుకున్నది చెబుతాను.

ఆ డైమండ్ 1842 నుంచి 1883 దాకా బ్రిటన్‌లో డిజైన్ రిజిస్టర్ చేశాక వేసుకున్న గుర్తు. పైనున్న సున్నాలో రోమన్ నాలుగు ఉంటే మట్టి, పింగాణీ సామాను అని. మూలల్లో ఉండేవి నమోదైన సంవత్సరం, నెల, తేదీ, పార్సిల్ నంబరు (ఆ రోజు నమోదుల్లో దాని నంబరు). సంవత్సరాన్ని తెలిపే అక్షరం 1867 వరకు పై మూలలో, 1868 నుంచి కుడి మూలలో ఉంటుంది. ఆనాటి రిజిస్టర్లు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. తేదీ పట్టుకుని వెతికితే డిజైన్ ఎవరి పేరున నమోదైందో బయటపడుతుంది. నాకైతే ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ వెతుకులాటే.

అయితే అది డిజైన్ నమోదైన తేదీ, మీ జగ్గు పుట్టిన తేదీ కాదు. బొమ్మల సంగతీ అంతే. ఇంగ్లండ్‌లోని సండర్లండ్ ఊరి జగ్గుల మీద వేర్ నది ఇనుప వంతెన తరచూ కనిపిస్తుంది. వంతెన తెరిచింది 1796లో, ఆ బొమ్మతో జగ్గులు మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలోనూ చాలాకాలం వచ్చాయి.

ముద్ర ఉంది కదా అని అసలుదని తేల్చేయకండి. పాత జగ్గు మీంచే అచ్చు తీస్తే ముద్ర కూడా దిగిపోతుంది. కాకపోతే మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుదించుకుపోతుంది కాబట్టి నకలు కాస్త పొట్టిగా వస్తుంది, గీతలు మొద్దుబారతాయి. నా పాత జగ్గు మీద ద్రాక్షాకు ఈనెలు గోటికి తగులుతాయి. నకలు మీద ఆకు నున్నగా జారిపోతుంది, డైమండ్‌లో అక్షరం ఏదో పోల్చుకోలేం. లోపలికి వేలు పెడితే పిడి కలిసేచోట చిన్న రంధ్రం కూడా ఉంది. పల్చటి మట్టిని అచ్చులో పోసి ఒంటినీ పిడినీ ఒకేసారి తీస్తే పిడి అలా బోలుగా వస్తుంది. పాతవాటికి పిడి విడిగా చేసి అతికించడమే ఎక్కువ. గ్లేజు, అంటే పైని మెరుపు పూత, మీది సన్నటి పగుళ్లను మాత్రం నేను లెక్కలోకి తీసుకోను, వాటిని కావాలనే తెప్పించి రంగు పట్టించేవాళ్లున్నారు.

నకలని తేలినా దాన్ని తీసిపారేయకండి. పారిస్‌లో 1845లో మొదలైన శామ్సన్ సంస్థ పాత పింగాణీకి నకళ్లు చేసి పేరు తెచ్చుకుంది, ఇవాళ ఆ నకళ్లనే వెతికి సేకరించేవాళ్లున్నారు. ఎవరు చేశారు, దేన్ని చూసి చేశారు అన్నది కూడా వెతకదగ్గ కథే.

మీ ముద్ర ఉబ్బెత్తుగా ఉంటే పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి, అక్షరాలు తేలతాయి. ఆ కాగితం ఫొటో, జగ్గు ఎత్తు ఇక్కడ పెడితే చదవడానికి సాయం చేస్తాను.