అందరూ చెప్పే నాన్న నాకు తెలియలేదా?

ప్రశ్న: మా నాన్న సైకాలజిస్ట్. విశాఖలో మొదలుపెట్టి లుసాకా (జాంబియా), మస్కట్‌లలో పనిచేసి, రిటైరయ్యాక మళ్లీ విశాఖకే వచ్చారు. ఐదు నెలల క్రితం పోయారు. సంస్మరణ సభలో ఒక్కొక్కరూ లేచి ఆయన ఓపిక గురించి చెబుతుంటే ఎవరో పరాయి మనిషి గురించి విన్నట్టుంది. ఇంట్లో ఆయన పెద్దగా మాట్లాడేవారు కాదు. ప్రేమ లేక కాదు. పాత పాస్‌పోర్టు అట్టలో నా పాదాలూ అన్నయ్య పాదాలూ పెన్సిల్‌తో గీసిన కాగితాలు దొరికాయి, చెప్పులు కొని తేవడానికి. అయినా నాకు ఏడుపు రావడం లేదు. నువ్వు ‘డినయల్ స్టేజ్‌’లో, అంటే జరిగినదాన్ని మనసు ఒప్పుకోని దశలో ఉన్నావంటాడు అన్నయ్య. సంవత్సరీకానికి సంచిక వేసి, నాన్న కేసు డైరీల్లోంచి నాలుగైదు కథలు పేర్లు మార్చి పెడదామంటున్నాడు. అమ్మ దేనికీ బదులు చెప్పడం లేదు.

జవాబు: ముందు డైరీల సంగతి చూద్దాం, అందులో ఇతరుల బతుకులు ఉన్నాయి కాబట్టి. వాటిని అచ్చు వేయకండి. పేరు మార్చినా, ఊరు, ఉద్యోగం, పెళ్లి చెడిన తీరు చదివితే సొంతవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. చికిత్స పొందేవారి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. నాన్నగారు పోయారు కాబట్టి ఆయన ఇచ్చిన మాట చెల్లిపోయిందని నేను అనుకోను. మీరూ చదవకండి, పాత కాగితాలవాడికీ వేయకండి. ఆయనతో కలిసి పనిచేసిన సైకాలజిస్టును ఒకరిని పిలిచి, చివరి రోజుల్లో ఆయన చూస్తున్నవారు ఎవరైనా ఉంటే వాళ్లకు వేరే చోట సాయం అందేలా చూడమనండి. అంతవరకు పెట్టెకు తాళం వేయండి. ఈ ఒక్క విషయం అన్నయ్యకు గట్టిగానే చెప్పాలి.

ఇక ఏడుపు. అన్నయ్య చెప్పిన ‘డినయల్’ లాంటి దశల గురించి మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. తండ్రిని పోగొట్టుకున్నవాళ్లు వాటిని వరసగా దాటాలన్న నియమం లేదు. మీ ఉత్తరంలో నాకు దుఃఖంతో పాటు ఉక్రోషం కూడా కనిపించింది: వాళ్లందరికీ దొరికిన నాన్న మాకెందుకు దొరకలేదని. అలా అనిపించడం తప్పు కాదు. రోజంతా పరుల బాధ వినే ఈ వృత్తిలో చాలామందికి ఇల్లు చేరేసరికి మాట మిగలదు. కారణం తెలిసినంత మాత్రాన మీ లోటు తీరదని కూడా నాకు తెలుసు.

సంచికలో దేశాలకూ డిగ్రీలకూ ఒక పేజీ చాలు. ఆ పాదాల గీతలు స్కాన్ చేసి వేయండి. కాగితం నేల మీద పరిచి, కాలు కదలకుండా పట్టుకున్నది ఎవరు? తెచ్చిన చెప్పులు సరిపోయాయా, బిగుతయ్యాయా? మీకూ అన్నయ్యకూ వేర్వేరుగా గుర్తుండొచ్చు, వేర్వేరుగానే రాయండి. ‘నాన్న మాతో తక్కువ మాట్లాడేవారు’ అని కూడా రాయండి. ఆయన్ని ప్రేమించినవాళ్లెవరూ దానికి నొచ్చుకోరు.

నా దిగులంతా అమ్మగారి గురించే. ఆయన ఎక్కడికి వెళ్తే అక్కడ సంసారం మోసిన మనిషి, సభలో ఆమెను ఎవరైనా అడిగారా? ‘నాన్న గురించి చెప్పమ్మా’ అంటే నోరు పెగలదు. ‘లుసాకాలో దిగిన రోజు ఏం వండావు? చింతపండు దొరికేదా?’ అని అడిగి చూడండి. రికార్డ్ చేసేటట్టయితే ఆమెకు చెప్పే చేయండి. మాట్లాడకపోతే వదిలేసి, రెండు రోజులాగి ఇంకేదైనా అడగండి.

భర్త పోయిన ఐదు నెలలకు మౌనంగా ఉండటం జబ్బు కాదు. కనీసం ఆరు నెలలు గడిచినా తీవ్రమైన బాధ తగ్గక, రోజువారీ పనులు సాగకపోతే దాన్ని చికిత్స అవసరమైన దీర్ఘకాలిక శోకంగా డబ్ల్యూహెచ్‌ఓ వ్యాధుల వర్గీకరణ గుర్తిస్తుంది. అయితే ఆమెకు తిండీ నిద్రా తగ్గిపోయినా, ‘నేనూ పోతే బాగుండు’ అన్నా నెలలు లెక్కపెట్టకండి, వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే ఫోన్ చేయొచ్చు. వైద్యానికి మాత్రం నాన్నగారి స్నేహితుల దగ్గరికి తీసుకెళ్లకండి. వాళ్లూ ఆయన్ని పోగొట్టుకున్నవాళ్లే, వాళ్లను ఓదార్చే పని మళ్లీ అమ్మగారి మీదే పడుతుంది.