లాత్వియా అంత చిన్న దేశం ఐస్ హాకీలో పతకం ఎలా కొట్టింది? దానికోసం రాత్రికి రాత్రి సెలవిచ్చారన్నది నిజమేనా?

సెలవు సంగతి నిజమే. నా మీదే పడింది కాబట్టి గట్టిగా చెప్పగలను.

2023 మే 28, ఆదివారం మధ్యాహ్నం ఫిన్లాండ్‌లోని తంపెరెలో లాత్వియా అమెరికాను 4–3తో ఓడించి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కంచు పతకం గెలిచింది. ఆ రాత్రే వాళ్ళ పార్లమెంటు (సయిమా అంటారు) అర్ధరాత్రి వేళ కూర్చుని మర్నాటికి సెలవు ప్రకటించేసింది. నాకేమో సోమవారం పొద్దున ప్రాజెక్టు రివ్యూ. తెల్లవార్లూ స్లైడ్లు దిద్దుకుని, ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్తే డిపార్ట్‌మెంటు తలుపుకి తాళం. లోపల తుడుస్తున్నావిడ అద్దంలోంచి నన్ను చూసి, రెండు చేతులూ పైకెత్తి కప్పు పట్టుకున్నట్టు చూపించి నవ్వింది. అప్పుడు తీశాను ఫోను.

నేను ఎమ్మెస్ చదవడానికి 2021లో ఖమ్మం నుంచి లాత్వియా రాజధాని రీగా వెళ్ళాను. అక్కడి మనవాళ్ళలో చాలామందిలాగే నేనూ చదువుకుంటూ సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేసేవాణ్ణి. ఐస్ హాకీ గురించి నాకు తెలిసింది సున్నా. టీవీలో చూస్తే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, అదే పక్, ఎటు పోతోందో కూడా కనపడేది కాదు. ఆటని నేను నేర్చుకున్నది ఆర్డర్ల వల్ల. ఒక్కోటి 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, మధ్యలో విరామాలు. లాత్వియా మ్యాచ్ ఉన్న రోజు మొదలవడానికి గంట ముందు ఆర్డర్లు వరదలా వస్తాయి. ఆట మొదలైతే ఊరు ఊరంతా మూగబోతుంది. విరామం రాగానే మళ్ళీ యాప్ టింగుటింగుమంటుంది. స్కోరు ఎవర్నీ అడగక్కర్లేదు, తలుపు తీసిన మనిషి మొహం చూస్తే చాలు.

ఆ ఏడాది పోటీలు తంపెరె, రీగా కలిసి నిర్వహించాయి. మొదటి మ్యాచ్‌లో కెనడా చేతిలో 0–6, రెండోదాంట్లో స్లొవేకియా చేతిలో 1–2. ఆ రెండు రోజులూ తలుపులు తీసిన మొహాలు చూడలేకపోయాను. తర్వాత చెక్ జట్టుని ఓవర్‌టైమ్‌లో (స్కోరు సమమైతే ఆడించే అదనపు సమయం) 4–3తో కొట్టారు, స్విట్జర్లాండ్‌నీ అలాగే 4–3. క్వార్టర్ ఫైనల్ రీగాలోనే, స్వీడన్ మీద 3–1. సెమీస్‌లో మళ్ళీ కెనడా, 2–4తో ఓటమి. అలా కంచు పతకం మ్యాచ్‌కి వచ్చారు.

ఇక ఎలా గెలిచారంటే, నాకు అర్థమైనంతలో సగం జవాబు ఒక్క మాట: గోలీ, అంటే గోల్‌కీపర్. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ మ్యాచ్ మొత్తంలో ఆపేవి నాలుగో అయిదో ఉంటాయి. ఇక్కడ గోలీ మీదకి పాతికా ముప్ఫై షాట్లు వస్తాయి. అవతల జట్టు ఎంత గొప్పదైనా మన గోలీ ఆ రోజు పూనకం వచ్చినట్టు ఆడితే స్కోరు దగ్గర్లోనే ఉంటుంది, ఆఖర్లో ఒక్క గోల్ చాలు. 2014 సోచి ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో క్రిస్టర్స్ గుద్లెవ్‌స్కిస్ అనే కుర్రాడు కెనడా మీద 55 షాట్లు ఆపాడు. అయినా 1–2తో ఓడారు, కానీ రీగాలో ఆ ఓటమిని గెలుపులాగే చెప్పుకుంటారు. 2021 ప్రపంచ పోటీల్లో మాతీస్ కివ్లెనియెక్స్ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా కెనడా మీద 2–0 గెలిపించాడు. కెనడా మీద లాత్వియాకి అదే మొదటి గెలుపు. ఆర్నెల్లు కాదు, ఏడు వారాలు కాకుండానే, జులై 4న అమెరికాలో బాణసంచా ప్రమాదంలో పోయాడు. వయసు 24. 2023లో ఆ చోట నిలబడ్డవాడు ఆర్తుర్స్ షిలోవ్స్, 22 ఏళ్ళవాడు. టోర్నీ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడు అవార్డు అతనికే వచ్చింది.

ఇంకో నిజం కూడా చెప్పాలి, లాత్వియా మిత్రులకి నచ్చకపోయినా. ఈ పోటీలు మేలో జరుగుతాయి. అప్పుడే అమెరికా, కెనడాల్లో నడిచే పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్ నడుస్తుంటాయి, కాబట్టి కెనడా, అమెరికా, స్వీడన్ తమ పెద్ద తలకాయలందరితో రావు. రష్యాని 2022 నుంచే పక్కన పెట్టారు. ఇలా అంటే "మరి మిగతా చిన్న దేశాలకీ అదే అవకాశం ఉందిగా, వాళ్ళెందుకు గెలవలేదు?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా లాత్వియాకీ ఆ రోజుల్లో దెబ్బ తగిలింది. ఉక్రెయిన్ మీద దాడి మొదలవగానే 2022 ఫిబ్రవరిలో దీనమో రీగా క్లబ్ రష్యా నడిపే కేహెచ్‌ఎల్ లీగ్‌లోంచి బయటికొచ్చేసింది. మంచి జీతాలొచ్చే సొంతూరి క్లబ్బు అలా పోతే ఆటగాళ్ళు తలో దేశం పట్టారు.

జనాభా సుమారు 19 లక్షలు. మా ఉమ్మడి ఖమ్మం జిల్లా అంత కూడా లేదు. ఇంత చిన్న దేశానికి ఈ ఆటంటే ఎందుకంత పిచ్చి? "చలిదేశం కదా, మంచు కదా" అని తేల్చేస్తారు. మంచు ఎస్టోనియాలోనూ ఉంది, ఈ పిచ్చి లేదు. నాకు అసలు సంగతి చెప్పింది రీగాలోని పుర్వ్‌త్సియెమ్స్ అనే పేటలో ఉండే ఒక పెద్దాయన.

ఆ కంచు పతకం మ్యాచ్ మధ్యాహ్నమే. మూడో పీరియడ్ నడుస్తుండగా ఒక ఆర్డర్ పట్టుకెళ్ళాను. సోవియట్ కాలపు అయిదంతస్తుల బిల్డింగు, లిఫ్ట్ లేదు, ఇల్లు పై అంతస్తులో. వగరుస్తూ బెల్లు కొడితే తలుపు బార్లా తెరిచే ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఎర్ర జెర్సీ, కింద ఇంట్లో వేసుకునే ఊలు చెప్పులు. సంచీ అందుకోలేదు. "నాత్స్, పుయికా" అన్నాడు. అంటే "రారా అబ్బాయ్" అని. అక్కడా మనలాగే ఇంట్లోకి చెప్పులతో రారు. బూట్లు గుమ్మంలో విప్పి, బొటనవేలు దగ్గర చిరిగిన సాక్సుతో కార్పెట్ మీద నిలబడ్డాను. అమెరికా 3–2తో ముందుంది. ఆయన కూర్చోడు, నన్ను కూర్చోమనడు. నేను వెళ్ళిన కాసేపటికి క్రిస్టియాన్స్ రుబీన్స్ అనే డిఫెన్స్ ఆటగాడు గోల్ కొట్టి 3–3 చేశాడు. పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, ఇక వదల్లేదు.

ఓవర్‌టైమ్‌కి ముందు కాస్త విరామం దొరికితే, సగం ఇంగ్లీషు సగం సైగలతో 2000 సంవత్సరం సంగతి చెప్పాడు. ఆ ఏడాది ప్రపంచ పోటీలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. రష్యా సొంతగడ్డ మీద, పెద్ద పేరున్న జట్టుతో దిగింది. లాత్వియా 3–2తో గెలిచింది. గోల్లో ఆర్తుర్స్ ఇర్బె. 1991 జనవరిలో సోవియట్ దళాలు వస్తాయని రీగా జనం వీధులకి అడ్డంగా లారీలు, కాంక్రీటు దిమ్మెలు పెట్టి కాపలా కాసినప్పుడు ఆ గుంపులో ఇర్బె కూడా ఉన్నాడు. 50 ఏళ్ళపాటు వీళ్ళకి ప్రపంచ పోటీల్లో సొంత జెండా లేదు. ఎంత బాగా ఆడినా సోవియట్ జెర్సీలోనే ఆడాలి. 1997లో పై డివిజన్‌లో అడుగుపెట్టారు. 16 జట్లుండే చోట ఏటా అడుగున మిగిలినవాళ్ళని కిందికి తోసేస్తారు. లాత్వియా ఆ ఏటి నుంచి పతకం వచ్చేదాకా ఒక్కసారీ జారలేదు. "కెనడా, స్వీడన్, ఫిన్లాండ్, లాత్వియా" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూపించాడు, అంతే. నాకైతే అదే జవాబు అనిపించింది. బాస్కెట్‌బాల్లో కూడా వాళ్ళు తక్కువవాళ్ళేం కాదు, 1935లో మొట్టమొదటి యూరోబాస్కెట్ గెలిచింది వాళ్ళే. కానీ ఏటా మే నెలలో ఆ వరసలో తమ పేరు చూసుకోవడం వేరే తృప్తి. 2015లో ఎన్‌హెచ్‌ఎల్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కి అభిమానుల ఓట్లు పెడితే అందరికన్నా ఎక్కువగా, 15 లక్షల పైచిలుకు, జెమ్గుస్ గిర్గెన్సోన్స్ అనే రీగా కుర్రాడికి పడ్డాయి. ఒకరే ఎన్నోసార్లు వేయొచ్చు లెండి. అయినా, కూర్చుని వేశారా లేదా!

ఓవర్‌టైమ్‌లో ఇరువైపులా గోలీ కాక ముగ్గురేసే ఆడతారు, మైదానమంతా ఖాళీ. రెండు నిమిషాలు కూడా కాకముందే మళ్ళీ రుబీన్సే కొట్టాడు. నేను గోల్ చూడలేదు, ఆయన నా మీద పడిపోయాడు కాబట్టి. కింది నాలుగంతస్తుల్లోనూ ఒక్కసారిగా కేకలు, మెట్ల దారంతా మోగింది. "సరౌయ్, లాత్వియా!" కుమ్మేయ్ లాత్వియా అన్నట్టు.

తర్వాతి ఆర్డర్ అరగంట ఆలస్యం. యాప్‌లో ఎర్రటి హెచ్చరిక వచ్చింది, ఆ వారం నా రేటింగ్ పడిపోయింది. ఆలస్యంగా అందుకున్నావిడ మాత్రం ఏమీ అనలేదు. ఏడుస్తూ తలుపు తీసింది, పెట్టె తీసుకుంది, లోపలికెళ్ళి చాక్లెట్ తెచ్చి నా జేబులో పెట్టింది.

సోమవారం రివ్యూ లేదని తేలాక ఆ ఇస్త్రీ చొక్కాతోనే స్వాతంత్ర్య స్మారకం దగ్గరికి నడిచాను. మూడు బంగారు నక్షత్రాలు పైకెత్తి పట్టుకున్న ఆ స్త్రీ విగ్రహాన్ని ఊళ్ళో వాళ్ళు ముద్దుగా మిల్డా అంటారు. జట్టు అక్కడికే వచ్చింది. నాకు తలలు తప్ప ఏమీ కనపడలేదు. పక్కనున్న చిన్నపిల్ల మాత్రం నాన్న భుజాలెక్కి, కనపడ్డవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే అరిచి చెబుతోంది. షిలోవ్స్ పేరు దగ్గర గొంతు పోయింది.