ఓడ ఎక్కబోయే బుజ్జికి

బుజ్జీ,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది, ఇద్దరూ 22 రాత్రుల ఓడ ప్రయాణం పెట్టుకున్నారట. ఏథెన్స్ దగ్గర ఎక్కి, ఇటలీ, స్పెయిన్ చూసుకుంటూ, పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి మీదుగా అట్లాంటిక్ దాటి ఫ్లోరిడాలో దిగడమట. అమ్మని వెంటబెట్టుకుని అంత దూరం వెళ్తున్నావని పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. "నాకేం, నడుస్తాను" అంటుంది. ఆ అనడంతోనే తంటా. అందుకే ఈ ఉత్తరం. విసుక్కోకుండా చదువు.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఓడ బయల్దేరే రోజుకి కాదు, ముందురోజుకే ఆ ఊరు చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. మాత్రలన్నీ చేతిసంచీలోనే పెట్టు, కొన్న అట్టపెట్టెల్లోనే, డాక్టరు చీటీతో సహా. 22 రోజులకి కాదు, 30 రోజులకి సరిపడా. ఎక్కేటప్పుడు పెద్ద పెట్టెలు ఓడవాళ్ళు తీసుకుంటారు, అవి మీ గదికి చేరేసరికి రాత్రి భోజనం వేళ కూడా కావచ్చు. ప్రయాణ బీమాలో విదేశీ వైద్యం, ఓడ మీంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు, రెండూ ఉన్నాయో లేదో చూడు. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఫీజు బాగానే ఉంటుంది. ఎక్కగానే ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో అది ఓడ వాళ్ళ శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుందంటే బిల్లు చూశాక కళ్ళు తిరుగుతాయి. లైఫ్‌బోటు దగ్గరికి ఎలా వెళ్ళాలో చూపించే మస్టర్ డ్రిల్ మాత్రం ఎగ్గొట్టకండి. 2012లో కోస్టా కాంకార్డియా అనే ఓడ ఇటలీ తీరంలో రాతికి కొట్టుకుని ఒరిగిపోయేసరికి, ఆ సాయంత్రమే ఎక్కినవాళ్ళకి ఇంకా ఆ డ్రిల్లే జరగలేదు.

గది ఇంకా ఖరారు కాలేదంటున్నావు కదా, అయితే ఓడ పొడవులో నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకో. ఓడ ఊయలలాంటిదనుకో, చివర్లు ఎక్కువ ఊగుతాయి, నడుము తక్కువ. ఎత్తుకి పోయేకొద్దీ ఊపు పెరుగుతుంది. బాల్కనీ కావాలని పై అంతస్తులో ముందు వైపు తీసుకున్నావో, డబ్బులిచ్చి మరీ కుదుపు కొనుక్కున్నట్టే. ఓడకి పక్కల రెక్కలుంటాయి, అవి పక్కవాటు ఊపుని తగ్గిస్తాయి గానీ ముందుకీ వెనక్కీ లేచిపడేదాన్ని పెద్దగా ఆపలేవు. ఇంకో మాట. గదికి పైనా కిందా కూడా గదులే ఉండేలా చూసుకో. పైన ఈతకొలను ఉంటే తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీ ప్రయాణంలో ఇటలీ రేవులు నేపుల్స్, చివిటావెక్కియా, లివోర్నో వరసగా మూడు రోజులు పడ్డాయని మీ అమ్మ చదివి వినిపించింది. పొద్దున్నుంచి నా మనసంతా అక్కడే ఉంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఆ మూడు రోజుల దగ్గరే దెబ్బతింటారు. తెలివితక్కువై కాదమ్మా, లెక్క బాగా వేసుకునే వాళ్ళే. "ఇంత డబ్బు పోశాం, మళ్ళీ వస్తామా ఏంటి" అని మొదటి రోజు నేపుల్స్ దగ్గరి పాత శిథిలాల ఊరు పాంపేయీ, రెండో రోజు రోమ్, మూడో రోజు ఫ్లోరెన్స్, మూడూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా టూర్లు బుక్ చేసేస్తారు. కాగితం మీద ఎంత బాగుంటుందో! కానీ ఓడ ఆగేది ఆ ఊళ్ళలో కాదు. చివిటావెక్కియా నుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ ఇంచుమించు 90. పోనూ రానూ బస్సులోనే మూడు గంటలు గడుస్తాయి.

ఒక్క రోజు ఎలా ఉంటుందో చెప్తా, మీ అమ్మ పక్కనుందనుకుని విను. పావుతక్కువ ఆరుకి అలారం. టిఫిన్ దగ్గర అందరూ ఒకేసారి దిగుతారు, పళ్ళెం పట్టుకుని కుర్చీ కోసం వెతుక్కోవాలి. ఏడింటికి ఓడలోని థియేటర్లో హాజరు, చొక్కాకి నంబరు స్టిక్కరు, మీ నంబరు పిలిచేదాకా కూర్చోవడం. ఓడ నుంచి రేవుకి వేసే గ్యాంగ్‌వే వంతెన దిగడం, బస్సు దాకా నడక, గంటన్నర ప్రయాణం. అక్కణ్ణుంచి గైడు కర్ర పైకెత్తి ముందు నడుస్తుంటే నాలుగైదు గంటలు ఎగుడుదిగుడు రాళ్ళ మీద. పాంపేయీలో అయితే దారి పొడవునా రెండువేల ఏళ్ళ నాటి బండలే, వాటి మధ్య సందుల్లో మడమ పడుతుంది. మరుగుదొడ్డి దగ్గర వరస. మళ్ళీ బస్సు. ఓడ దగ్గర మళ్ళీ స్కానర్ దగ్గర వరస. స్నానం, భోజనం, "డబ్బు కట్టాం కదా" అని రాత్రి పాటల ప్రోగ్రాం. పడుకునేసరికి పదకొండు. మళ్ళీ పావుతక్కువ ఆరు.

మొదటి రోజు ఎవరికీ ఏమీ కాదు, అదే మోసం. ఎక్కువ నడిచిన నొప్పి ఆ రోజే బయటపడదు. మర్నాడు మొదలై రెండో రోజుకి ముదురుతుంది. అంటే నిన్నటి పాంపేయీ నొప్పి రోమ్‌లో పట్టుకుంటుంది, రెండూ కలిసి ఫ్లోరెన్స్‌లో కూర్చోబెడతాయి. మూడో రోజు ఎవరో ఒకరు బస్సులోనే ఉండిపోతారు, లేదా మోకాలు వాచి మెట్టు దిగలేరు. నాలుగో రోజు జలుబు. ఐదో రోజు ఏ ఊరొచ్చిందో కూడా పట్టదు. అప్పటికింకా సగం ప్రయాణం మిగిలే ఉంటుంది. మీ అమ్మయితే మోకాలు వాచినా చెప్పదు. మెట్ల దగ్గర కమ్మీ రెండు చేతులతో పట్టుకుని దిగుతోందంటే వాచిందని నువ్వే తెలుసుకోవాలి. ఆవిణ్ణి అడగకు, చూడు.

కాబట్టి ఆ మూడింట్లో ఒక్కటే పెద్దది పెట్టుకోండి. రోమ్ అనుకో. అలాగైతే నేపుల్స్‌లో పొద్దున టిఫిన్ నింపాదిగా తిని, పదింటికి దిగి, రేవు పక్కనే రెండు గంటలు తిరిగి, కాఫీ తాగి వెనక్కి. లివోర్నోలో ఫ్లోరెన్స్ మానేసి పీసా వెళ్ళండి, పాతిక కిలోమీటర్లే, పూటలో అయిపోతుంది. మానేసిన ఊరి గురించి దిగులొద్దు. అందరూ దిగిపోయిన ఓడలో ఈతకొలను, లాండ్రీ, కిటికీ పక్క కుర్చీ అన్నీ మీవే. క్యాలెండర్ ముందేసుకుని కష్టమైన రోజుకి ఎర్ర చుక్క, తేలికైన రోజుకి పచ్చ చుక్క పెట్టు. రెండు ఎర్రలు పక్కపక్కన కనిపిస్తే ఒకటి కొట్టెయ్. బుక్ చేసిన టూరు ఎన్ని గంటల ముందు దాకా రద్దు చేసుకోవచ్చో ఇప్పుడే రాసిపెట్టుకో, ఆ రోజొచ్చాక కౌంటరు దగ్గర వాదించి లాభం లేదు. చిన్నప్పుడు రైలెక్కితే మొదటి గంటంతా కిటికీ వదిలేదానివి కాదు, ఊరొచ్చేసరికి నిన్ను భుజం మీదేసుకుని దింపాల్సొచ్చేది. ఇప్పుడు మీ అమ్మ పక్కనుంది, నిన్నెవరు మోస్తారు?

గ్రీసు దీవి శాంటొరినిలో ఓడ ఒడ్డుకి ఆనదు, నీళ్ళలోనే ఆగుతుంది. చిన్న బోటులో ఒడ్డుకెళ్ళాలి. అక్కణ్ణుంచి ఊళ్ళోకి కేబుల్ కారు, గాడిద, లేకపోతే దాదాపు 600 మెట్లు. మెట్లు అస్సలొద్దు, దిగేటప్పుడు కూడా. కేబుల్ కారుకి సాయంత్రం పెద్ద వరసుంటుంది, గంట ముందే బయల్దేరండి. బోటెక్కేటప్పుడు మీ అమ్మ చేతిలో ఏమీ ఉండకూడదు, వీపు సంచీ నువ్వు మొయ్యి. నావికుడు చెయ్యి చాపుతాడు. అరచెయ్యి కాదు, అతని మణికట్టు పట్టుకోవాలి, అతను ఈవిడ మణికట్టు పట్టుకుంటాడు. చెమట పట్టినా జారని పట్టు అదే. బోటు పైకి లేచి ఆగినప్పుడు అతను "ఇప్పుడు" అంటాడు, అప్పుడే అడుగు. దానికి ముందు వద్దు, తర్వాత వద్దు.

దిగిన చోటల్లా ఫోన్ గడియారం నమ్మకు. అది ఆ ఊరి సమయం చూపిస్తుంది, ఓడ తన సమయం ప్రకారం నడుస్తుంది, రెండూ ఒకటి కాకపోవచ్చు. మామూలు చేతిగడియారం ఓడ సమయానికి పెట్టుకో. రోజూ గదికొచ్చే కాగితంలో ఆ రేవులో ఓడవాళ్ళ తరఫు ఏజెంటు ఫోన్ నంబరుంటుంది, దాన్ని ఫోటో తీసుకో.

మదీరా తర్వాత వారం దాకా వరసగా నీళ్ళే. అక్కణ్ణుంచి ఫ్లోరిడాకి 5 గంటల తేడా, కాబట్టి ఓడలో కొన్ని రోజులకి 25 గంటలుంటాయి. వినడానికి బాగుంటుంది, కానీ ఒళ్ళు గడియారం మాట వినదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చేస్తుంది. అందుకని సాయంత్రం ఎండలో ఓ గంట డెక్కు మీద కూర్చోబెట్టు, ఏడింటికే పడుకుంటానంటే పడుకోనివ్వకు. అయినా మెలకువొస్తే పోట్లాడకు, ఇద్దరూ శాలువా కప్పుకుని పైకెళ్ళి సూర్యోదయం చూడండి. మీ అమ్మ బీపీ మాత్ర వేళ ఎలా జరపాలో బయల్దేరకముందే డాక్టర్ని అడుగు.

కడుపులో తిప్పుడు సంగతి. మెక్లిజిన్ లాంటి మాత్ర వాంతి మొదలయ్యాక వేస్తే దండగ, గంట ముందు వేస్తేనే పని. నిద్రమత్తు వస్తుంది కాబట్టి ఇంట్లోనే ఓ రోజు వేసి చూడండి. చెవి వెనక అంటించే స్కోపోలమైన్ ప్యాచ్ మూడు రోజులు పనిచేస్తుంది, కానీ గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళకి పనికిరాదు, పెద్దవాళ్ళని కొందర్ని తికమకపెడుతుంది. డాక్టర్ని అడక్కుండా వద్దు. అది ముట్టుకున్న వేలు కంట్లో పెడితే చూపు మసకబారుతుంది. తిప్పుతున్నప్పుడు గదిలో ఫోన్ చూస్తూ పడుకోవడం కన్నా, కింది అంతస్తులో బయటికొచ్చి దూరంగా ఆకాశమూ నీళ్ళూ కలిసే గీత చూడటం నయం. కడుపు ఖాళీగా ఉంచొద్దు.

తిండికి లోటుండదు, అదే ముప్పు. భోజనశాలలో సగం వడ్డన అడిగితే ఇస్తారు, మొహమాటపడకండి. ఉప్పు, కూర్చోవడం, ఎండ మూడూ కలిస్తే సాయంత్రానికి చీలమండలు వాస్తాయి. పట్టీ సర్దుకునే చెప్పులు పెట్టుకోండి, కొత్త బూట్లు మాత్రం ప్రయాణంలో మొదలుపెట్టకండి. రెండు కాళ్ళూ సమానంగా వాస్తే మామూలుగా కాళ్ళు పైకి పెట్టుకుంటే తగ్గుతుంది. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి. చేతులకి జెల్ రాసుకుని సరిపెట్టొద్దు. ఓడల్లో వాంతులు విరేచనాలు పెట్టే నోరోవైరస్‌కి జెల్ సరిగ్గా పనిచెయ్యదు, సబ్బు రాసి 20 సెకన్లు కడగాలి.

ఇద్దరికీ కలిపి గది చిన్నది. మూడు వారాలు ఎంత ప్రేమైనా ఇరుకవుతుంది. రోజుకి రెండు గంటలు ఎవరి దారి వాళ్ళది అని మొదటి రోజే మాట్లాడుకోండి, అలిగాక కాదు. గోడలు చాలావరకు ఇనపరేకువే, అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే తడిబట్టలు కుర్చీల మీద పడుండవు. మంటల భయంతో గదిలో ఇస్త్రీ పెట్టె ఒప్పుకోరు, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ప్లగ్గు బోర్డు కూడా లాగేసుకుంటారు. దిగే ముందు రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు తీసి ఉంచుకోండి, ప్రతిసారీ ఎవరో ఒకరు నైట్‌డ్రెస్సులోనే దిగుతారు.

నా భయం ఒకటి మిగిలింది, నవ్వుకో. ఓడలో బాత్రూం గడప అరచెయ్యంత ఎత్తుంటుంది, నీళ్ళు బయటికి రాకుండా. కిటికీ లేని గదిలో దీపం ఆర్పితే చెయ్యి కూడా కనపడదు. మీ అమ్మ రాత్రి రెండుసార్లు లేస్తుంది, నిద్రమత్తులో ఇంట్లో అలవాటుగానే అడుగేస్తుంది. పైగా ఓడ ఊగుతుంటుంది. బాల్కనీ ఉన్న గదైతే దాని తలుపు కూడా బరువు, గాలికి ధడాల్న పడుతుంది. తలుపు అంచు మీద వేళ్ళు పెట్టకుండా ఎప్పుడూ పిడి పట్టుకోమని చెప్పు. గడపకి మాత్రం మాటలు చాలవు. బ్యాటరీతో, మనిషి కదిలితే దానంతటదే వెలిగే చిన్న దీపాలు దొరుకుతాయి. ఒకటి కాదు, రెండు కొను. ఒకటి బాత్రూం గడప పక్కన, ఒకటి మీ అమ్మ పడుకునే వైపు. మొదటి రాత్రి పెట్టెలు ఆలస్యంగా రావచ్చన్నాను కదా, అవి నీ చేతిసంచీలో పెట్టుకో.

మీ పెద్దమ్మ