డిటెక్టివ్ నవల మొదలుపెట్టిన చిన్నికి

చిన్నీ,

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి డిటెక్టివ్ నవల రాస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. దాని టెన్షనంతా నీ జీతం గురించే. నేను మాత్రం విని ఉబ్బిపోయాను. మన ఇంట్లో ఇన్నాళ్ళకి ఒకళ్ళు కలం పట్టారు అనుకునేలోపే, "పేపర్లో వచ్చిన ఆ అమ్మాయి కేసే అక్కా, పోలీసులు తేల్చలేకపోయారుగా, ఇది తేలుస్తుందట" అంది. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే మధ్యలో మాట తిప్పేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. హంతకుడెవరో తేల్చుకున్నాకే మొదటి అధ్యాయం రాయి. డిటెక్టివ్ కంటపడిన ఆధారం పాఠకుడి కంట కూడా పడాలి. రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత 1929లో ఇలాంటి నియమాలు పది రాసిపెట్టాడు, ఓసారి చదువు. కానీ మరీ భక్తిగా పాటించకు. అంతకు మూడేళ్ళ ముందే డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ కథ చెప్పేవాణ్ణే హంతకుణ్ణి చేసి అందర్నీ బోల్తా కొట్టించింది. ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసింది. 1920లో వచ్చిన మొదటి నవల్లో విషం గురించి అంత ధీమాగా రాయగలిగింది అందుకే. నీకు బ్యాంకు తెలుసు, అక్కణ్ణుంచే ఓ నేరం పుట్టించుకోవచ్చుగా?

ఇక నా బెంగ. నువ్వు చెయ్యబోయే పని అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో ఎప్పుడో చేశాడు. 1841 ఏప్రిల్‌లో డ్యూపాన్ అనే డిటెక్టివ్‌ని సృష్టించాడు. డిటెక్టివ్ కథ అక్కడే పుట్టిందని చాలామంది ఒప్పుకుంటారు. ఆ జులైలోనే న్యూయార్క్‌లో చుట్టల దుకాణంలో పనిచేసి పేరుపడిన మేరీ రోజర్స్ అనే అమ్మాయి శవం హడ్సన్ నదిలో తేలింది. పేపర్లన్నీ అదే గోల. అక్టోబరుకల్లా ఆ పిల్లని చేసుకోవాల్సినవాడు మందు మింగి చచ్చిపోయాడు. పో ఏం చేశాడూ, మేరీ రోజర్స్‌ని మరీ రోజే చేసి, న్యూయార్క్‌ని పారిస్ చేసి, హడ్సన్‌ని సేన్ నది చేసి, పేపర్ కటింగులు ముందేసుకుని కూర్చున్నాడు. రౌడీ మూక పని కాదని రుజువు చేయడమే కాదు, హంతకుణ్ణి కూడా చూపించానని ఒక సంపాదకుడికి ఉత్తరం రాశాడు. చూశావా ధీమా!

కథ 1842 నవంబరు, డిసెంబరు సంచికల్లో రెండు భాగాలు వచ్చింది. సరిగ్గా అప్పుడే, నదికి దగ్గర్లో సత్రం నడిపే ఒకావిడ చనిపోతూ, ఆ పిల్ల తన సత్రంలోనే ఒక డాక్టరు చేతుల్లో గర్భస్రావం జరుగుతూ పోయిందని చెప్పినట్టు పేపర్లలో వచ్చింది. పో కథలో హంతకుడని చూపించిన నావికుడెక్కడ, ఈ డాక్టరెక్కడ! మూడో భాగం జనవరిలో రావాల్సింది ఫిబ్రవరికి గానీ రాలేదు. 1845లో పుస్తకంగా వేసేటప్పుడు అక్కడో మాట ఇక్కడో మాట మార్చి, గర్భస్రావానికీ కాస్త చోటిచ్చి, తను చెప్పిందే నిజమని తేలినట్టు కింద ఫుట్‌నోట్ తగిలించాడు. ఆ కేసు ఈనాటికీ తేలలేదు. అంత తెలివైనవాడికే కటింగులతో నిజం చిక్కలేదు. నీ ఫైల్లో ఉన్నవీ కటింగులే కదమ్మా.

నా భయం నువ్వు తప్పు చెబుతావని కాదు. నేను పత్రికలో ప్రూఫులు దిద్దే రోజుల్లో ఇలాంటి సీరియలే ఒకటి వచ్చింది. పేర్లు, ఊళ్ళు మార్చే రాశారు. ఓ మధ్యాహ్నం ఒకావిడ ఆ వారం సంచిక మడతపెట్టి పట్టుకుని ఆఫీసుకొచ్చింది. "ఇందులో అమ్మాయి ఆ రాత్రి ఎవరికోసమో తలుపు గడియ తీసి ఉంచిందని రాశారు. మా పిల్ల తీసి ఉంచింది నాకోసమండీ. నేను డ్యూటీ నుంచి లేటుగా వస్తానని," అంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సీరియల్ మాత్రం ఆగలేదు, సర్క్యులేషన్ పెరిగింది కదా.

అసలు కేసుల జోలికే పోవద్దనడం లేదు. ఇంగ్లీషు నవలాకారుడు విల్కీ కాలిన్స్‌ని చూడు. 1860లో ఇంగ్లండ్‌లో రోడ్ హిల్ అనే ఇంట్లో పసివాణ్ణి చంపేశారు. లండన్ పోలీసుల స్కాట్లండ్ యార్డ్ నుంచి వచ్చిన డిటెక్టివ్ విచర్, కనబడకుండా పోయిన ఒక నైట్‌గౌన్ పట్టుకుని సవతి అక్కని అనుమానించాడు. అతన్ని పేపర్లు దుమ్మెత్తిపోశాయి. అయిదేళ్ళకి ఆ పిల్లే ఒప్పుకుంది. కాలిన్స్ ఆ ఇంటి ఏడుపుని ముట్టుకోలేదు. నైట్‌గౌన్ ఒక్కటి తీసుకుని, దానికి రక్తం బదులు పెయింటు మరక అంటించి, 1868లో ఒక వజ్రం దొంగతనం కథలో పెట్టాడు. అసలు విచర్ చెప్పింది నిజమే అయినా ఎవరూ నమ్మలేదు, కథలో డిటెక్టివ్ కఫ్ మొదట చెప్పింది తప్పు! ఎంత దూరం జరిగాడో చూడు. నువ్వూ ఒక్క వస్తువు తీసుకో. మిగతాది ఆ కుటుంబానికే వదిలెయ్.

లేదూ, నిజమే తేల్చాలి అంటావా, అప్పుడు నవల వద్దు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్‌లాగా నీ పేరుతో వ్యాసం రాయి. పార్సీ తండ్రికి పుట్టిన జార్జ్ ఎడల్జీ అనే లాయరుకి, రాత్రిపూట ఒక గుర్రాన్ని కోశాడని 1903లో ఏడేళ్ళ శిక్ష వేశారు. మూడేళ్ళు లోపలున్నాడు. బయటికొచ్చాక అతన్ని కలవడానికి వెళ్ళిన డాయిల్, అతను పేపరు కళ్ళకి ఆనించుకుని పక్కకి తిప్పి చదువుతుంటే చూసి, ఈ చూపుతో చీకట్లో పొలాలు దాటాడా అనుకున్నాడట. 1907 జనవరిలో వ్యాసాలు రాశాడు, మేలో క్షమాభిక్ష వచ్చింది, నష్టపరిహారం మాత్రం దమ్మిడీ రాలేదు. ఒకణ్ణి విడిపించడానికి రాసింది నిలబడింది. అదే డాయిల్ అసలు దోషి వీడేనని హోం ఆఫీసుకి ఇంకో మనిషి పేరు రాసి పంపాడు, అది మాత్రం తేలలేదు.

తిడుతున్నాననుకోకు. నువ్వు చిన్నప్పుడు నేను చదివే పుస్తకం లాక్కుని చివరి పేజీ చూసి హంతకుడి పేరు గట్టిగా చెప్పేసేదానివి. అప్పుడూ ఇంతే తిట్టాను.

మూడో అధ్యాయంలో సవతి తండ్రి మీద అనుమానం పెట్టావని మీ అమ్మ అంది. అసలు కేసులోనూ సవతి తండ్రే ఉన్నాడు, ఆయన బతికే ఉన్నాడు. ఆ పాత్రని తీసేసేదాకా ఎవరికీ పంపకు. మొదటి రెండు అధ్యాయాలు నాకు ప్రింటు తీసి పంపు, ఫోన్లో పంపితే చదవను. లైనుకీ లైనుకీ మధ్య చోటు వదులు, నాకు ఎర్ర పెన్ను అలవాటు.

మీ పెద్దమ్మ