సమాధానం: కారణం అడిగి తిప్పి పంపకండి

పంచాయతీ కార్యదర్శి గారూ, సీసీ రోడ్డు బిల్లుల మీద సమాచార హక్కు దరఖాస్తు వచ్చింది, ఎంబుక్ (పని కొలతలు రాసే పుస్తకం) ఇంజినీరింగ్ వాళ్ల దగ్గరుంది, వాళ్లు ఇవ్వట్లేదు, మీ సీనియరేమో "ఎందుకు కావాలో అడిగి తిప్పి పంపు" అంటున్నారు. అంతే కదా?

తిప్పి పంపితే ఇరుక్కునేది ఆయన కాదు, పీఐఓగా (ప్రజా సమాచార అధికారిగా) సంతకం పెట్టే మీరు. 2005 చట్టం సెక్షన్ 6(2) ప్రకారం కారణం అడగకూడదు. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము కూడా లేదు, ఆ వంకా పెట్టకండి.

ఈరోజే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి సెక్షన్ 5(4) కింద సహాయం కోరుతూ లేఖ రాయండి. ఫోన్లో అడిగితే లెక్కలోకి రాదు. అందినట్టు నకలు మీద సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే 5(5) ప్రకారం ఆయన్నే పీఐఓగా చూస్తారు, రోజుకు 250 చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా ఆయన మీదికే పోవచ్చు. ఈ సంగతి లేఖలో మర్యాదగా ఒక్క వాక్యం చేర్చండి. చాలాసార్లు ఆ వాక్యంతోనే ఎంబుక్ బయటికొస్తుంది! రికార్డు పూర్తిగా వాళ్ల శాఖదే అయితే 6(3) కింద 5 రోజుల్లోపు బదిలీ చేసి దరఖాస్తుదారుకు తెలపండి.

మీ దగ్గరున్న తీర్మానం, ఓచర్ల నకళ్లు మాత్రం 30 రోజుల గడువు ఉంది కదా అని ఆపకండి. సీనియర్ మళ్లీ అడిగితే "నోట్ ఫైల్లో రాసివ్వండి సార్" అనండి. రాయరు.